అర్జీకి స్టాంపు మాఫీ.. విడుదలకు మాత్రం వెల!

జైల్లో ఉన్న మనిషి కోర్టుకు అర్జీ పెట్టుకుంటే దానికి స్టాంపు అతికించే పని లేదు. ఇది నిన్నమొన్న ఎవరో దయతలచి ఇచ్చిన రాయితీ కాదు. 1870లో తెల్లదొరలు చేసిన కోర్టు ఫీజుల చట్టం 19వ సెక్షన్‌లోనే ఖైదీ అర్జీకి ఫీజు లేదని రాసిండ్రు. క్రిమినల్ కేసుల బెయిల్ బాండుకు కూడా ఫీజు లేదని అదే సెక్షన్‌లో ఉన్నది. ఉప్పు మీద కూడా పన్ను గుంజిన తెల్లదొర, సంకెళ్లలో ఉన్నోని దగ్గర స్టాంపు పైసలు అడగడానికి వెనుకాడిండు. నిర్బంధాన్ని ప్రశ్నించే హెబియస్ కార్పస్ పిటిషన్‌కు కోర్టు ఫీజు లేదని మన సుప్రీంకోర్టు నిబంధనలు కూడా చెప్పినయి.

మరి స్టాంపు మాఫీ అయినంక పేదోడు జైలు నుంచి ఎందుకు బయటికి వస్తలేడు? 2022 డిసెంబర్ 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే అని కేంద్ర ప్రభుత్వ నేర రికార్డుల సంస్థ లెక్క చెప్పింది. అంటే నలుగురిలో ముగ్గురు నేరం రుజువు కానోళ్లు. వీళ్లందరి అర్జీలకు ఫీజు మాఫీయే. కానీ మనుషులు లోపలనే ఉన్నరు.

ఎందుకంటే ఒక కిటికీ దగ్గర ఫీజు మాఫీ చేసి ఐదు కిటికీల దగ్గర వసూలు చేస్తున్నరు. నకలు ఒక కిటికీ. వకీలు ఒక కిటికీ. జమానతు ఒక కిటికీ. దూరం ఒక కిటికీ. అన్నింటికంటే పెద్దది కాలం. ఈ ఐదు కిటికీల దగ్గర కట్టే సొమ్ముకు రసీదు ఉండదు, మాఫీ ఉండదు. కోర్టు ఫీజు మాఫీని మేం చిన్నచూపు చూస్తలేం. అది గట్టి హక్కు. ఆ హక్కును కాగితం మీద ఆపి, అసలు వెలను పేదోని నెత్తిన పెట్టిన ఏర్పాటును మేం నిలదీస్తున్నం.

తెలంగాణకు ఈ ముచ్చట ఎందుకు?

రాష్ట్రం వచ్చింది కదా, ఇంక జైళ్ల ముచ్చట మనకెందుకు అనేటోళ్లున్నరు. వాళ్లకు మన చరిత్రనే గుర్తు చేస్తం. ఈ గడ్డ మీద రాజకీయం ఎప్పుడూ జైలు గోడను తాకుకుంటనే నడిచింది.

1948 పోలీసు చర్య తర్వాత సాయుధ పోరాటంలో పట్టుబడ్డ రైతులను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించినయి. ఉరిశిక్ష పడ్డ తెలంగాణ బిడ్డల తరఫున 1951లో సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లు పడ్డయి. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే వకీలు వచ్చి వాదించిండు. ట్రిబ్యునల్ ముందు వకీలును పెట్టుకునే అవకాశం సరిగ్గా ఇయ్యలేదన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ముఖ్యమైనది. కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. తర్వాత ఆ ఉరిశిక్షలు యావజ్జీవంగా మారినయి. ప్రాణం నిలబడ్డది. కానీ వాళ్లు వేసిన ప్రశ్న ఇప్పటికీ బతికే ఉన్నది: వకీలు లేనోనికి కోర్టు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటేనా?

1969లో ప్రత్యేక తెలంగాణ అడిగిన నాయకులను ముందస్తు నిర్బంధ చట్టం కింద పట్టుకపోయి రాజమండ్రి జైల్లో పెట్టిండ్రు. 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ చీకట్లో, ఆదిలాబాద్ రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసిండ్రు. ఆ తర్వాత ఐదు నెలలకు, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే హక్కే లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు తప్పని అదే కోర్టు ఒప్పుకొని కొట్టేసింది 2017లో. నలభై ఒక్క ఏండ్లు పట్టింది!

2009 డిసెంబర్‌లో ఉస్మానియా పిల్లల మీద, 2011 సెప్టెంబర్ 13న మొదలై నలభై రెండు రోజులు నడిచిన సకల జనుల సమ్మెలో ఉద్యోగుల మీద, కార్మికుల మీద పడ్డ కేసులు మన పాఠకులకు చెప్పాలెనా? పేషీకి పోయి రావడమంటే ఏంది, జమానతుకు మనిషి దొరకకపోతే ఏమైతది, వకీలు ముందుకు రాకపోతే ఏమైతది.. ఇవన్నీ ఈ పత్రిక చదివే విద్యార్థికి, ఉద్యోగికి తెలిసిన సంగతులే. అయితే మనకు సంఘముండె, జేఏసీ ఉండె, ఫీజు ముట్టకుండ వాదించే న్యాయవాదులుండిరి. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పెద్దలు పౌరహక్కుల కోసం కోర్టుల్లో నిలబడ్డ నేల ఇది. ఏ సంఘమూ లేని అడ్డామీది కూలోడు పట్టుబడితే ఎవరున్నరు? వాని కోసం ఎవరు ధర్నా చేస్తరు?

నకలు కిటికీ, వకీలు కిటికీ

తీర్పు మీద అప్పీలు చేయాలంటే తీర్పు నకలు కావాలె. నిర్బంధాన్ని సవాలు చేయాలంటే నిర్బంధ ఉత్తర్వు, దానికి కారణాలు రాసిన కాగితాలు కావాలె. నకలు లేకుంటే వకీలు కూడా ఏం చేయలేడు. హైకోర్టు తీర్పు నకలు ఖైదీకి సకాలంలో అందలేదన్న మాట వచ్చిన ఒక కేసులో 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ సూటిగా చెప్పిండు. శిక్ష పడ్డ మనిషికి తీర్పు నకలు ఉచితంగా, ఆలస్యం లేకుండ ఇయ్యాలె. జైలు ద్వారా పంపితే ఖైదీకి ముట్టినట్టు రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలె. వకీలును పెట్టుకోలేనోనికి సర్కారే వకీలును పెట్టాలె. ఇది దానం కాదు, రాజ్యాంగం 21వ అధికరణంలోనే ఉన్న హక్కు.

అంతకు రెండేండ్ల ముందే, 1976లో, 42వ సవరణతో రాజ్యాంగంలోకి 39ఏ అధికరణం వచ్చింది. పేదరికం వల్ల ఎవనికీ న్యాయం దక్కకుండ పోవద్దని దాని సారం. 1979లో బీహార్ విచారణ ఖైదీల కేసులో జస్టిస్ భగవతి బెంచి ముందుకు వచ్చిన సంగతులు దేశాన్ని సిగ్గుపడేటట్టు చేసినయి. చేసిన్రని చెప్పిన నేరానికి పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం, విచారణే మొదలుగాకుండ, జైల్లో మగ్గినోళ్లు ఉన్నరని తేలింది. ఉచిత న్యాయ సహాయం, వేగంగా విచారణ రెండూ ప్రాథమిక హక్కులేనని కోర్టు చెప్పింది.

ఆ తర్వాత 1987లో న్యాయసేవల సంస్థల చట్టం వచ్చింది. 1995 నవంబర్ 9 నుంచి అమలవుతున్నది. దాని 12వ సెక్షన్ మన పాఠకులు కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలె. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నోళ్లు.. వీళ్లకు ఆదాయం ఎంతున్నా అడగకుండ ఉచిత న్యాయ సహాయం ఇయ్యాలె. న్యాయ సహాయమంటే ఒక్క వకీలు మాత్రమే కాదు. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, కాగితాల తయారీ, నకళ్లు, తర్జుమా ఖర్చు కూడా అందులోనే వస్తయి. అంటే ఏ రాష్ట్రం కోర్టు ఫీజుల చట్టం ఏం చెప్పినా, కస్టడీలో ఉన్న మనిషి జేబులోంచి ఒక్క రూపాయి పోవద్దు.

ఇంకో సంగతి. లోపల ఉన్నది మగోడైతే బయట కోర్టు మెట్లెక్కేది భార్యనో, తల్లో. ఆమె పేరు మీద హెబియస్ కార్పస్ పడితే, మహిళగా ఆమెకు కూడా ఇదే చట్టం కింద సొంతంగా హక్కు ఉన్నది. ఆ మాట ఆమెకు చెప్పేటోడు ఎవడు? పోలీస్ స్టేషన్ చెప్పదు. జైలు గేటు చెప్పదు. ఆమె పుస్తెలు కుదువ పెట్టి పట్నం బస్సు ఎక్కుతది. చట్టంలో అన్నీ ఉచితం, బతుకులో అన్నీ అప్పు!

జమానతు: పేదోని మీద వేసిన పన్ను

బెయిల్ వచ్చింది అని వకీలు చెప్తడు. ఇంట్ల సంబురపడుతరు. కానీ మనిషి రాడు. ఎందుకంటే ఇద్దరు జమానతుదారులు కావాలె. వాళ్లకు ఆస్తి ఉండాలె. పట్టా పాసుబుక్కో, ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెటో తేవాలె. భూమి లేనోని చుట్టపోళ్లకు భూమి ఎక్కడినుంచి వస్తది? కౌలు రైతుకు పాసుబుక్కు ఎవడిస్తడు? బెయిల్ బాండుకు స్టాంపు లేదని 1870లోనే మాఫీ చేసిన రాజ్యం, ఆ బాండు మీద సంతకం చేసేటోనికి ఆస్తి ఉండాలె అనంగనే మాఫీ మొత్తం గాలికి పోయింది.

1978లో మధ్యప్రదేశ్ నుంచి ఒక తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. సుప్రీంకోర్టే బెయిల్ ఇచ్చిన మనిషి ఆయన. కింది మేజిస్ట్రేటు పది వేల రూపాయల జమానతు అడిగిండు. అన్న జమానతు ఉంటా అంటే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డడు. దక్షిణాదోడు ఎవడన్నా బస్తర్‌లోనో, పోర్టుబ్లెయిర్‌లోనో పట్టుబడితే ఆ ఊర్లో ఆస్తి ఉన్నోన్ని ఎక్కడినుంచి తెస్తడు అని అడిగిండు. జిల్లా దాటితే మనిషి పరాయోడు అయితడా అని నిలదీసిండు. ఆ మేస్త్రీని వెయ్యి రూపాయల సొంత పూచీ మీద విడుదల చేయమన్నడు.

ఈ ముచ్చట మనకంటే బాగా ఎవరికి అర్థమైతది? పాలమూరు నుంచి వలసపోయిన కూలీ బొంబాయిలో పట్టుబడితే అక్కడ ఆయనకు జమానతు ఎవరుంటరు? ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి మన ఇటుక బట్టీల్లో, మన భవనాల కింద చెమట కార్చేటోడు హైదరాబాద్‌లో పట్టుబడితే ఇక్కడ ఎవరుంటరు? సొంత రాష్ట్రం కోసం కొట్లాడిన మనం, పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన కూలోనికి పరాయితనం అంటగట్టద్దు. పరాయి పెత్తనం నొప్పి ఏందో మనకు తెలుసు.

నలభై ఐదేండ్లు గడిచినయి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ అదే మాట చెప్పాల్సి వచ్చింది. బెయిల్ ఉత్తర్వు నకలు అదే రోజో, మరునాడో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి అందాలె. నెల రోజుల్లో జమానతు పెట్టుకోలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడవచ్చు. లోకల్ జమానతే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణం. ఇవి ఆ ఆదేశాల సారం. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకు సాయం పేరుతో ఒక పథకం పెట్టింది. జమానతుకు 40 వేల దాకా, శిక్ష పడ్డోళ్లు కట్టాల్సిన జరిమానాకు 25 వేల దాకా సర్కారు ఇస్తదన్నరు. మంచిదే. కానీ ఆ పథకం కూడా జిల్లా కమిటీ చేతిలో ఉన్నది. ఖైదీ అడగాలె, జైలోళ్లు రాయాలె, కమిటీ కూసోవాలె, సంతకాలు కావాలె. మళ్లీ కిటికీలే!

దూరం కిటికీ

2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఆస్పత్రి కోసం కూలగొట్టిండ్రు. ఆస్పత్రి వద్దని మేం అంటలేం. కానీ ఆ జైలు ఖైదీలను వేరే జైళ్లకు తరలించిన నాడు, ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి ములాఖత్‌కు వచ్చే కుటుంబాల గురించి ఎవరన్నా ఆలోచించిండ్రా? ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు మూడు వందల కిలోమీటర్లు. హెబియస్ కార్పస్ వేయాలంటే హైకోర్టుకే రావాలె. ఒక రోజు కూలి పోతది, బస్సు కిరాయి పోతది, వకీలు గుమాస్తాకు చాయ్ పైసలు పోతయి. స్టాంపు మాఫీ అయిన పిటిషన్‌కు ఇది స్టాంపు కంటే పది రెట్ల ఖర్చు.

భాష కూడా ఒక దూరమే. హైకోర్టు కాగితం ఇంగ్లీషులో నడుస్తది. నిర్బంధానికి కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 1962లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మహారాష్ట్ర కేసులో హిందీ మాత్రమే తెలిసిన మనిషికి ఇంగ్లీషు కాగితాలు ఇచ్చిండ్రని ఆయన నిర్బంధం చెల్లదన్నది. మన దగ్గర గోండి మాట్లాడే మనిషికి, లంబాడీ మాట్లాడే మనిషికి తెలుగు కాగితం ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోతదా? చదువు రానోనికి ఏ భాషలో ఇచ్చినా చదివి చెప్పేటోడు ఉండాలె కదా!

కాలం: వాపసు రాని ఫీజు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పీడీ యాక్టు. 1986లో సమైక్య రాష్ట్రంలో చేసిన చట్టం ఇది. రాష్ట్రం వచ్చినంక పేరు మార్చి మన నెత్తిన పెట్టుకున్నం. పేరే కాదు, జాబితా కూడా పెంచిండ్రు. బూట్‌లెగ్గర్లు, గూండాలు, భూకబ్జాదారుల పక్కన నకిలీ విత్తనాలు, కల్తీ ఆహారం, సైబర్ నేరాలు వచ్చి చేరినయి. నకిలీ విత్తనాలు అమ్మి రైతును ముంచినోన్ని శిక్షించొద్దని మేం అంటలేం. కేసు పెట్టి, సాక్ష్యం చూపించి, శిక్ష వేయించుండ్రి. కేసు నడిపే ఓపిక లేక ఏడాది పాటు లోపల వేసుడు శిక్ష కాదు, దొరతనం.

ఈ చట్టం ఎట్ల నడుస్తదో చూడుండ్రి. పోలీస్ కమిషనరో, కలెక్టరో ఆర్డరిస్తడు. ఐదు రోజుల్లో కారణాలు చెప్పాలె. పన్నెండు రోజుల్లో సర్కారు ఆమోదించాలె. మూడు వారాల్లో సలహా మండలికి పంపాలె. ఏడు వారాల్లో మండలి నివేదిక ఇయ్యాలె. మండలి ముందు ఖైదీ తరఫున వకీలు నిలబడే హక్కు లేదు. ఆ పైన గరిష్ఠంగా పన్నెండు నెలలు లోపలే. బెయిల్ అనే మాటే లేదు. కాబట్టి జమానతు పథకం పనికిరాదు, శిక్షలో సగం గడిపినోన్ని విడిచిపెట్టే నిబంధన పనికిరాదు. బయటపడే బలమైన దారి ఒక్కటే, హెబియస్ కార్పస్. స్టాంపు మాఫీ అయిన ఆ పిటిషనే!

ఆ పిటిషన్లు సుప్రీంకోర్టుకు పోతే ఏమైందో వరుసగా చెప్తం. 2021 ఆగస్టు 2న, తెలంగాణ నుంచి పోయిన ఒక కేసులో నిర్బంధాన్ని కొట్టేసింది. మోసం కేసుల్లో బెయిల్ వచ్చిందని మనిషిని పీడీ యాక్టు కింద లోపలేసిండ్రు. బెయిల్ మీద అభ్యంతరముంటే బెయిల్ రద్దు అడగాలె కానీ ఇదేం పద్ధతి అన్నది కోర్టు. 2022 ఏప్రిల్ 4న ఇంకో కేసులో లెక్కనే చెప్పింది. ఐదేండ్లలో ఈ చట్టం కింద ఇచ్చిన ఐదుకు పైగా ఆర్డర్లను సుప్రీంకోర్టు కొట్టేసిందని, ఒక్క ఏడాదిలోనే కనీసం పది ఆర్డర్లను తెలంగాణ హైకోర్టు కొట్టేసిందని గుర్తు చేసింది. పెండింగులో ఉన్న ఆర్డర్లన్నీ సరిచూసుకొమ్మని సర్కారుకు చెప్పింది. 2023 సెప్టెంబర్ 4న మళ్లీ మొట్టికాయ వేసింది. దేశం 75 ఏండ్ల స్వాతంత్ర్య పండుగ చేసుకుంటుంటే ఇక్కడి కొందరు పోలీసు అధికారులకు ప్రజల స్వేచ్ఛ పట్టదా అన్నది. 2024 మార్చి 21న ఇంకొకసారి.. సలహా మండలి యాంత్రికంగా ముద్ర వేసే మండలి కారాదని హెచ్చరించింది.

సుప్రీంకోర్టు మూడేండ్లలో నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చిన రాష్ట్రం మనది. 2023 చివర్లో సర్కారు మారింది. చట్టం మాత్రం మారలేదు. గద్దె మీద ఎవరున్నా ఇదే మాట అడుగుతం.

ఇప్పుడు కాలం సంగతి చూడుండ్రి. 2023 మార్చిలో ఇచ్చిన ఆర్డరు సెప్టెంబర్‌లో చెల్లదని తేలింది. 2021 కేసులో, 2023 కేసులో కోర్టు మెట్లెక్కింది లోపలున్నోళ్ల భార్యలే. హైకోర్టులో ఓడి, ఢిల్లీ దాకా పోయి గెలిచిండ్రు. గెలిచిండ్రు సరే, పోయిన నెలలు ఎవరు వాపసు ఇస్తరు? కోర్టు ఫీజు ఎక్కువ కట్టించుకుంటే వాపసు అడిగే దారి ఉంటది. అక్రమంగా గుంజుకున్న ఐదు నెలల బతుకుకు వాపసు దారి ఏది? ఆర్డరు మీద సంతకం పెట్టిన ఆఫీసరు జీతంలోంచి ఒక్క పైసా కట్ అయితదా? ఢిల్లీ దాకా పోలేనోడు పన్నెండు నెలలు పూర్తిగా కడుతడు. నిర్బంధం తప్పని తేలేది పోగలిగినోనికే. పోలేనోని నిర్బంధం తప్పో ఒప్పో చరిత్రకు కూడా తెల్వదు.

దొంగలకు ఉచితాలెందుకు అంటరా?

మా మాటలకు ఎదురు వచ్చే ప్రశ్నలు మాకు తెలుసు. దొంగలకు, గూండాలకు సర్కారు సొమ్ముతో వకీళ్లెందుకు అంటరు. మేం అడుగుతున్నం: దొంగ అని ఎవరు తేల్చిండ్రు? నలుగురిలో ముగ్గురి మీద కేసు తేలనే లేదు. 1969లో మన నాయకులను కూడా శాంతిభద్రతలకు ముప్పు అనే పట్టుకపోయిండ్రు. ఆ మాట నమ్మి ఉంటే ఇవ్వాళ తెలంగాణ ఉండేదా?

ఫీజు లేకుంటే ఖైదీలు పనికిరాని పిటిషన్లు కుప్పలు పోస్తరు అంటరు. పనికిరాని పిటిషన్‌ను కొట్టేసే తెలివి కోర్టుకు ఉన్నది. ఢిల్లీ జైలు నుంచి ఒక ఖైదీ, తోటి ఖైదీని వార్డరు చిత్రహింస పెట్టిండని జడ్జికి ఉత్తరం రాస్తే దాన్నే హెబియస్ కార్పస్ పిటిషన్‌గా తీసుకొని 1979 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఉత్తరం ఖర్చు ఎంత? దాంతో దేశంలోని జైళ్లకే కొత్త తీరు నేర్పిండ్రు. ఫీజు అడిగి ఉంటే ఆ ఉత్తరం ఎక్కడ ఉండేది?

ఇంక సహాయం అంతా ఉన్నది కదా, వాడుకోకపోతే ఎవరిది తప్పు అంటరు. హక్కు ఉన్నదని తెల్వనోని దగ్గరికి హక్కు నడిచిపోవాలె. జైలు గేటు బయట బోర్డు పెట్టి, లోపల ఉన్నోడు చదువుకోలేదంటే అది న్యాయం కాదు, ఎకసెక్కం.

మా డిమాండ్లు

ఒకటి: పీడీ ఆర్డరు ఇచ్చిన రోజే దాని నకలు న్యాయసేవల సంస్థకు పోవాలె. వారంలోపు ప్యానెల్ వకీలు జైలుకు పోయి, మనిషి మాట్లాడే భాషలో కారణాలు చదివి చెప్పాలె. ఆయన వద్దంటే తప్ప హెబియస్ కార్పస్ పడాలె. కుటుంబం వచ్చి అడిగేదాక ఆగద్దు.

రెండు: బెయిల్ వచ్చి వారం గడిచినా బయటికి పోనోళ్ల పేర్లు ప్రతి సోమవారం జైలు సూపరింటెండెంట్ కోర్టుకు పంపాలె. బెయిలబుల్ నేరంలో వారంలో జమానతు తేలేనోన్ని పేదోడుగా లెక్కించి సొంత పూచీ మీద విడవాలని 2005 సవరణతోనే చట్టంలో ఉన్నది. ఆ మనసు మిగతా కేసుల్లో కూడా చూపించాలె. లోకల్ జమానతు పట్టు విడవాలె.

మూడు: నకళ్లు ముట్టినట్టు రసీదు పుస్తకం ప్రతి జైల్లో ఉండాలె. జిల్లా జడ్జి తనిఖీకి పోయినప్పుడు మొదట ఆ పుస్తకమే చూడాలె.

నాలుగు: కోర్టు కొట్టేసిన ప్రతి పీడీ ఆర్డరుకు సర్కారు పరిహారం కట్టాలె. సంతకం పెట్టిన అధికారి రాతపూర్వకంగా జవాబు చెప్పాలె. ఆ లెక్క ప్రతి ఏటా శాసనసభ ముందు పెట్టాలె.

ఐదు: 1986 పీడీ చట్టాన్ని రద్దు చేయాలె. సొంత రాష్ట్రంలో సమైక్య పాలన చట్టం పేరు మార్చి నడిపించుడు మనకు మర్యాద కాదు.

మనం చేయాల్సింది

సర్కారును అడిగి ఊకుందామా? ఉద్యోగ సంఘాల మిత్రులకు ఒక మాట. మీ జీతం సర్టిఫికెటును కోర్టు నమ్ముతది. కూలోని చెమటను నమ్మదు. సమ్మె నాడు మీకు కూలీలు, రైతులు, ఆటో డ్రైవర్లు తోడు నిలబడ్డరు. ఇయ్యాల జమానతు దొరకక లోపల ఉన్న పేదోనికి మీ సంఘాలు తోడు నిలబడాలె. సర్వీసు నిబంధనలు చూసుకొని, ప్రతి జిల్లాలో జమానతు కమిటీ పెట్టుండ్రి. మనిషిని తెలుసుకొని, ఇల్లు చూసి, పేషీలకు వస్తడని నమ్మకం కుదిరినంకనే సంతకం పెట్టుండ్రి.

లా కాలేజీల విద్యార్థులకు ఇంకో మాట. 15100 అనేది న్యాయ సహాయం ఫోన్ నంబరు. ఈ నంబరు, 12వ సెక్షన్ సారం ఒక కరపత్రం మీద తెలుగులో, ఉర్దూలో, గోండిలో, లంబాడీలో రాసి బస్టాండుల్లో, జైలు ములాఖత్ గేట్ల దగ్గర పంచుండ్రి. ములాఖత్ కోసం ఎండలో నిలబడ్డ తల్లి దగ్గర కూసొని, అమ్మా, నీ కొడుకు కేసుకు వకీలు ఫీజు కట్టాల్సిన పని లేదు, నీ పుస్తెలు తియ్యకు అని చెప్పుండ్రి. ఆ ఒక్క మాట ఒక ఇంటిని అప్పు నుంచి కాపాడుతది.

కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం ఇది. మన హైకోర్టు మనకు కావాలని వకీళ్లు రోడ్డెక్కితే 2019 జనవరి 1న వేరు హైకోర్టు వచ్చింది. ఆ హైకోర్టు గడప స్టాంపు లేకుండ దాటొచ్చని చట్టం చెప్పింది. ఆ గడప దాకా పేదోన్ని తోలుకొచ్చే బాధ్యత రాష్ట్రానిది, రాష్ట్రం తెచ్చిన మనది. స్టాంపు మాఫీ కాదు మేం అడిగేది, స్వేచ్ఛ మీద పెట్టిన వెల మాఫీ కావాలె. అది అయ్యేదాక ఈ పత్రిక అడుగుతనే ఉంటది.

జై తెలంగాణ!